ఆకృతిగణం – అధ్వయోగం : దత్తాంశ నిర్మాణాల పరిమాణ నిర్ణయంపై ఒక పరిశీలన

1. ప్రస్తావన

కంప్యూటరులో సమాచారాన్ని భద్రపరచే ప్రోగ్రాము ఏదైనా, దానిని రచించేవారు మొదట ఒక ప్రశ్నకు సమాధానం చెప్పుకోవలసి ఉంటుంది. రాబోయే అంశాలకు ఎన్ని గడులు కేటాయించాలి? ఆ సంఖ్యను ముందుగానే నిర్ణయించి మార్పు లేకుండా ఉంచాలా, లేక అంశాలు పెరిగినకొద్దీ గడులు కూడా పెరిగే వీలు కల్పించాలా? మొదటి పద్ధతిని స్థిరపరిమాణమనీ, రెండవ దానిని చలపరిమాణమనీ ఈ వ్యాసంలో వ్యవహరించడం జరుగుతుంది. అంశాలను ఒక క్రమంలో నిలిపి ఉంచే అమరికకు దత్తాంశ నిర్మాణమని పేరు.

ఈ ప్రశ్న ఒక ప్రోగ్రాముకు సంబంధించినంతవరకు సులభమైనదే. తన అవసరమెంతో ఆ రచయితకు తెలుసు. లైబ్రరీ విషయంలో మాత్రం ఇది జటిలమవుతుంది. సాఫ్ట్‌వేర్ పరిభాషలో లైబ్రరీ అంటే గ్రంథాలయం కాదు. అనేక ప్రోగ్రాములకు ఉమ్మడిగా కావలసిన పనులను ఒకేసారి రచించి, ఎవరైనా పిలిచి వాడుకొనేట్లు కూర్చిన సంపుటి. దాని రచయిత వాడుకరిని చూడడు. ఆ వాడుకరి పది పదాల పట్టిక నిలుపుకొంటాడో, పది లక్షల పదాల నిఘంటువు నిలుపుకొంటాడో అతనికి తెలియదు. తాను చూడని ప్రయోగాలకు కూడా చెల్లే నియమం చెప్పవలసిన సూత్రకారుని స్థితి కూడా ఇటువంటిదే.

సంస్కృత వ్యాకరణ, ఛందశ్శాస్త్రాలు పరిగణితమైన దానిని, అపరిగణితమైన దానిని వేరు చేసి చూపడానికి స్పష్టమైన సంప్రదాయాన్ని ఏర్పరచాయి. ఆ వివేచన నేటి లైబ్రరీ నిర్మాణంలోని పరిమాణ నిర్ణయాన్ని అర్థం చేసుకోవడానికి ఎంతవరకు తోడ్పడుతుందో, తెలుగు సంస్కృత గ్రంథాలను కంప్యూటరుకెక్కించే కార్యంలో దాని ప్రయోజనమేమిటో పరిశీలించడం ప్రస్తుత వ్యాసోద్దేశం.

2. స్థిరపరిమాణం – వృత్తం

స్థిరపరిమాణ నిర్మాణాలలో ప్రధానమైనది అర్రే. ఒకే కొలత గల గడులు మెమరీలో ఒకదాని ప్రక్కన ఒకటి ఉంటాయి. తొలి గడి చిరునామా, ఒక్కొక్క గడి కొలత తెలిస్తే ఏ గడి ఎక్కడుందో లెక్క కట్టవచ్చు. తొలి గడి చిరునామా 1000, గడి కొలత 4 బైట్లు అయితే, దాని తరువాతి ఏడవ గడి 1028 వద్ద ఉంటుంది. వెదకనక్కరలేదు, ఒక గుణకారం, ఒక సంకలనం చాలు. గడుల సంఖ్య ముందే తెలిసినందువల్ల మొత్తం చోటును కూడా ముందే నిర్ణయించవచ్చు.

ఛందశ్శాస్త్రంలోని షట్ప్రత్యయాలలో ఈ రెండు లక్షణాలూ కనిపిస్తాయి. కేదారభట్టు వృత్తరత్నాకరం చివరి అధ్యాయంలో ప్రస్తారం, నష్టం, ఉద్దిష్టం, లగక్రియ, సంఖ్య, అధ్వయోగం అనే ఆరింటిని నిరూపించాడు. పాదంలోని అక్షరాల సంఖ్య స్థిరం కావడమే వీటన్నిటికీ ఆధారం.

ఉత్పలమాల పాదానికి ఇరవై అక్షరాలు, అది కృతిచ్ఛందంలోనిది. ఆ ఛందంలో సంభవించే వృత్తాలు 10,48,576. వాటిలో ఉత్పలమాల ఎన్నవదో తెలుసుకోవడానికి ప్రస్తారమంతా వ్రాయనక్కరలేదు. అక్షరాలకు వరుసగా 1, 2, 4, 8 అని ద్విగుణసంఖ్యలు వేసి, లఘువులున్న చోట్ల సంఖ్యలను కూడి, ఒకటి కలిపితే చాలు. భరనభభరలగ గణాల క్రమంలో ఆ లెక్క 3,55,799 అని తేలుతుంది. ఇదే ఉద్దిష్టం. సంఖ్య నుంచి వృత్తస్వరూపాన్ని రాబట్టడం నష్టం. అర్రేలో క్రమసంఖ్య నుంచి గడికి చేరడం నష్టానికి, గడి చిరునామా నుంచి క్రమసంఖ్యను రాబట్టడం ఉద్దిష్టానికి సమానమైన ప్రక్రియలు.

అధ్వయోగం మరింత గమనింపదగినది. ప్రస్తారాన్ని వ్రాయడానికి ఎంత చోటు పడుతుందో అది చెబుతుంది. వృత్తసంఖ్యను రెట్టించి ఒకటి తగ్గిస్తే అన్ని అంగుళాలు కావాలి. వరుసకు ఒక అంగుళం, వరుసల నడుమ ఒక అంగుళం ఎడం అని దాని లెక్క. కృతిచ్ఛందానికి ఇది 20,97,151 అంగుళాలు. వ్రాత మొదలుపెట్టక ముందే చోటును గణించడమనే ఈ ప్రక్రియ, ప్రోగ్రాము నడవక ముందే మెమరీని కేటాయించే స్థిరపరిమాణ పద్ధతితో సర్వథా పోలుతున్నది.

3. చలపరిమాణం – దండకం

ఏకాక్షరపాదమైన ఉక్త మొదలు ఇరవైయారు అక్షరాల ఉత్కృతి వరకు గల ఛందాలలో సంభవించే సమవృత్తాలు మొత్తం 13,42,17,726. అంతకు మించిన పాదం గలది దండకం. దండకంలో గణక్రమం నియతమే కాని దైర్ఘ్యం నియతం కాదు. కవి ఎంత దూరం సాగిస్తే అంత సాగుతుంది. కావున దండకానికి ముందుగా అధ్వయోగం చెప్పడం సాధ్యం కాదు.

ప్రోగ్రాములలో దండకస్థానీయమైనది చలపరిమాణ నిర్మాణం. 1998 నాటి సీ++ ప్రమాణంలో చేరిన వెక్టర్ ఇందుకు ప్రసిద్ధోదాహరణం. అలెగ్జాండర్ స్టెపనోవ్, మెంగ్ లీ రూపొందించిన లైబ్రరీ నుంచి అది ప్రమాణంలోకి వచ్చింది. వెక్టర్ కూడా లోపల అర్రేయే. గడులు నిండినప్పుడు అది మరొక చోట పెద్ద అర్రేను సంపాదించి, పాత అంశాలను అందులోకి ప్రతి చేసి, పాత చోటును విడిచిపెడుతుంది.

ఎంత పెద్ద చోటు సంపాదించాలనేది ఇక్కడ కీలకం. ప్రతిసారి ఒక్క గడి మాత్రమే పెంచితే, 1,024 పదాలు చేరేసరికి 5,23,776 సార్లు ప్రతి చేయవలసి వస్తుంది. ప్రతిసారి రెట్టింపు చేస్తే అదే పనికి 1,023 ప్రతులు చాలు. అంటే సగటున ఒక పదానికి ఒక ప్రతి కూడా పడదు. అందువల్లనే లైబ్రరీలు గుణోత్తర క్రమాన్ని స్వీకరించాయి. జీఎన్‌యూ వారి సీ++ లైబ్రరీ రెట్టింపు చేస్తుంది. మైక్రోసాఫ్ట్ వారిదీ, జావాలోని అర్రేలిస్టూ సగం చొప్పున పెంచుతాయి. రెట్టింపులో ప్రతిలేఖన శ్రమ తక్కువ, వృథా అయ్యే చోటు ఎక్కువ. సగం పెంపులో ఇది తారుమారు.

ఈ సౌకర్యానికి మూల్యం లేకపోలేదు. మొదటిది, అప్పుడే రెట్టింపైన వెక్టర్‌లో దాదాపు సగం గడులు ఖాళీగా ఉంటాయి. రెండవది, చాలాసార్లు క్షణంలో జరిగే చేర్పు, ప్రతిలేఖనం పడిన ఒక్కసారి మాత్రం చాలా సేపు పడుతుంది. మూడవది అన్నిటికంటె సూక్ష్మమైనది: అంశాలు చోటు మారడంతో వాటి పాత చిరునామాలు చెల్లవు. పుటసంఖ్యను బట్టి చేసిన ఉదాహరణ పునర్ముద్రణలో తప్పిపోతుంది. ఆశ్వాసపద్యసంఖ్యలను బట్టి చేసినది నిలుస్తుంది. వెక్టర్‌ను వాడేవారు గడి చిరునామాను కాక క్రమసంఖ్యను గుర్తుంచుకోవాలనే నియమానికి ఇదే కారణం.

ఈ రెండింటికి మధ్యస్థమైన మార్గం కూడా ఉంది. తాళపత్రం కొలత ఆకు కొలతను బట్టి నియతం. కట్టలోని ఆకుల సంఖ్య మాత్రం గ్రంథాన్ని బట్టి పెరుగుతుంది. ఆకు నిండితే మరొక ఆకు చేరుతుంది, వ్రాసిన ఆకును తిరిగి వ్రాయనక్కరలేదు. సీ++ లైబ్రరీలోని డెక్ సాధారణంగా ఇట్లే స్థిరమైన ఖండాలను అవసరమైనన్ని చేర్చుకొంటూ పోతుంది.

4. గణపాఠంలోని వివేకం

ఈ రెండు పద్ధతులలో ఏది ఎప్పుడు గ్రాహ్యమో నిర్ణయించడానికి గణపాఠం ఒక ప్రమాణాన్ని చూపుతుంది. పాణిని అనేక సూత్రాలలో ఒక పదాన్ని పేర్కొని ఆదిశబ్దంతో తక్కినవాటిని సూచించాడు. ఆ గణాలు ఏకవిధమైనవి కావు.

సర్వాదిగణం పరిగణితం. సర్వశబ్దం మొదలు కిం శబ్దం వరకు ముప్పదియైదు. ఈ గణంలో చేరినదే సర్వనామం. చేరనిది అర్థం చేత ఎంత దగ్గరైనా సర్వనామ కార్యాలను పొందదు. ఇక్కడ పట్టికయే లక్షణం. హద్దు వస్తువులోనే ఉంది.

స్వరాదిగణం ఆకృతిగణం. అక్కడ పఠితమైన పదాలు నిదర్శనాలు మాత్రమే. అదే ఆకృతిని, అనగా అదే ప్రవృత్తిని, శిష్టప్రయోగంలో చూపిన మరొక అవ్యయం కనబడితే దానిని కూడా ఆ గణంలో చేర్చుకోవచ్చునని వ్యాఖ్యాతల నిర్ణయం. అర్ధర్చాదిగణం విషయంలోనూ ఇంతే. ఇక్కడ పఠితమైన పదాల సంఖ్య పఠించినవాని దృష్టికి వచ్చినంత. అది భాషకు హద్దు కాదు.

సర్వాదిలో మరొక విశేషముంది. డతర, డతమ అనేవి పదాలు కావు, ప్రత్యయాలు. వాటి ద్వారా కతర, యతమ మొదలైన పదాలు గ్రహించబడతాయి. పట్టిక పరిగణితమైనా, పట్టికలోని ఒక గడి అనేక పదాలను సూచించవచ్చునన్నమాట. గడుల సంఖ్య స్థిరం, గడి సూచించేది విస్తృతం అనే ఈ అమరిక ముందు మరల ప్రసక్తమవుతుంది.

సామ్యాన్ని హద్దు మించి సాగదీయరాదు. ఆకృతిగణంలోకి పదాన్ని చేర్చేది ప్రయోగప్రామాణ్యం. వెక్టర్‌లోకి అంశాన్ని చేర్చేది ప్రోగ్రాము ఆజ్ఞ. గణపాఠానికి మెమరీ వ్యయం లేదు. అయినా ఒక ప్రశ్న మాత్రం ఉభయత్ర సమానం: ఈ సంఖ్య పదార్థస్వభావం నుంచి వచ్చిందా, పరిగణించినవాని అనుభవం నుంచి వచ్చిందా? మొదటిదైతే స్థిరపరిమాణం ఉచితం. రెండవదైతే దానిని స్థిరం చేయడం అంచనాను లక్షణంగా పొరబడడమే.

5. అంచనా లక్షణమైనప్పుడు

ఈ పొరపాటుకు అత్యంత విస్తృతమైన నిదర్శనం లిపుల సంకేతీకరణ చరిత్రలోనే ఉంది. 1991లో యూనికోడ్ తొలి ప్రమాణం వెలువడినప్పుడు, ప్రతి వర్ణసంకేతానికి 16 బిట్లు చాలుననే భావనపై అది నిర్మితమైంది. అంటే 65,536 స్థానాలు. 1995లో వెలువడిన జావా భాష తన వర్ణరూపానికి అదే 16 బిట్ల కొలతను స్థిరం చేసింది. ప్రపంచంలోని లిపుల సంఖ్య ఈ హద్దుకు లోబడుతుందన్నది అంచనాయే కాని లిపుల స్వభావం కాదు. 1996 నాటి రెండవ ప్రమాణంలోనే, రెండు పదహారుబిట్ల ఖండాలను జంటగా కూర్చి మరిన్ని స్థానాలను సాధించే ఏర్పాటు చేయవలసి వచ్చింది. నేటి హద్దు 11,14,112 స్థానాలు. జావాలో ఆ జంటలను ఒక్క వర్ణంగా గుర్తించే పద్ధతులు 2004లో చేరాయి. కాని 16 బిట్ల మూలరూపం లైబ్రరీలో పాతుకొనిపోయినందున దానిని తొలగించడం సాధ్యపడలేదు.

ఇది దూరదేశాల లిపులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. దక్షిణదేశంలో సంస్కృత గ్రంథాలకు విశేషంగా వాడిన గ్రంథలిపి 2014లో యూనికోడ్‌లో చేరినప్పుడు, దానికి లభించిన స్థానాలు ఆ తొలి 65,536కు వెలుపల ఉన్నాయి. తెలుగు, దేవనాగరి లిపులు లోపల ఉన్నాయి. కనుక పదహారుబిట్ల ఖండాలను లెక్కించే ప్రోగ్రాము తెలుగు వర్ణాన్ని ఒకటిగా, గ్రంథలిపి వర్ణాన్ని రెండుగా గణిస్తుంది. ఒకే శ్లోకాన్ని రెండు లిపులలో ఉంచి పాఠాంతరాలను పోల్చే పరిశోధకునికి స్థానసంఖ్యలు కలవకపోవడానికి ఇదొక కారణం కాగలదు.

వర్ణాల సంఖ్య కూడా నిర్వచనాన్ని బట్టియే స్థిరమవుతుంది. బాలవ్యాకరణం సంస్కృతానికి ఏబది, ప్రాకృతానికి నలుబది, తెలుగుకు ముప్పదియారు వర్ణాలను చెప్పింది. మూడూ స్థిరసంఖ్యలే. కాని ఏ సంఖ్య ఏ భాషకు చెప్పబడిందో మరచి, తెలుగు లిపిలో వ్రాసిన సమస్త వాఙ్మయానికి ముప్పదియారు గడులు కేటాయిస్తే ఆ పట్టికలో మహాభారతం ఇమడదు. పదార్థంలో హద్దు ఉందని చెప్పేటప్పుడు ఆ పదార్థమేదో కూడా చెప్పవలసి ఉంటుంది.

6. ధారణశక్తి – వర్తమాన సంఖ్య

స్థిర, చల పద్ధతులను పరస్పర విరుద్ధాలుగా మాత్రమే చూడడం సరి కాదు. ఎన్ని పట్టవచ్చుననేది ధారణశక్తి. ప్రస్తుతం ఎన్ని ఉన్నాయనేది వర్తమాన సంఖ్య. ఈ రెండింటినీ వేరుగా గుర్తిస్తే, మొదటిదానిని స్థిరంగా ఉంచి రెండవదానిని పెరగనీయవచ్చు.

యూనికోడ్‌లోని తెలుగు విభాగం ఇందుకు చక్కని ఉదాహరణం. దానికి కేటాయించినవి 128 స్థానాలు. 1991లో నిండినవి 80. దంత్య చకార జకారాలైన ౘ, ౙలు, అవగ్రహం, పూర్వకాలపు భిన్నాంకాలు 2008లో చేరాయి. ప్రాచీన శాసనాలలో కనబడే ఴకారం 2014లో చేరింది. నకారపొల్లు 2021లో చేరింది. అప్పటికి నిండిన స్థానాలు 100. ఖాళీలు ముందే విడిచి ఉంచినందువల్ల కొత్త వర్ణాల చేరిక పాత వర్ణాల స్థానాలను కదపలేదు. అంతకు ముందు కంప్యూటరుకెక్కిన పాఠాలు చెడలేదు. అయితే దంత్య తాలవ్య భేదాన్ని పాటించే నిఘంటువులను యథాతథంగా ఎక్కించదలచినవారు ఆ రెండు వర్ణాల కోసం పదిహేడేండ్లు వేచి ఉండవలసి వచ్చింది. ధారణశక్తి ఉన్నంతమాత్రాన అవసరం తీరదు. చేర్పును అనుమతించే విధానం కూడా కావాలి.

సీ++ ప్రమాణంలో 2011లో చేరిన అర్రే స్థిరపరిమాణం; 1998 నాటి వెక్టర్ చలపరిమాణం. 2024లో ఆ ప్రమాణసంఘం తదుపరి సంపుటికి ఆమోదించిన ఇన్‌ప్లేస్ వెక్టర్ మూడవ విధం: ధారణశక్తి ముందే స్థిరం, అందులోని అంశాల సంఖ్య చలం. ప్రమాణలైబ్రరీలో మూడింటికీ చోటు కల్పించవలసి రావడమే, ఏ ఒక్కటీ సర్వత్ర చెల్లదనడానికి నిదర్శనం.

గ్రంథాలయ సూచికలలో ఇటువంటి మిశ్రమపద్ధతి అంతకంటె పూర్వమే ఉంది. 1960ల దశాబ్దంలో అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో హెన్రియెట్ ఆవ్రమ్ నాయకత్వాన రూపొందిన మార్క్ పద్ధతిలో, ప్రతి గ్రంథానికి సంబంధించిన నమోదులో మొదట 24 స్థానాల శీర్షం, తరువాత ఒక సూచి, ఆ తరువాత అసలు క్షేత్రాలు ఉంటాయి. సూచిలోని ఒక్కొక్క పద్దు సరిగ్గా 12 స్థానాలు: క్షేత్రం పేరుకు 3, దాని పొడవుకు 4, అది మొదలయ్యే చోటుకు 5. పద్దు స్థిరం, అది చూపే క్షేత్రం చలం. సర్వాదిలోని డతర, డతమల వలె ఇక్కడ కూడా స్థిరమైన గడి విస్తృతమైన దానిని సూచిస్తున్నది.

అయితే ఆ చలక్షేత్రానికీ ఒక గుప్తమైన హద్దు ఉంది. పొడవును నాలుగు అంకెలలో వ్రాయాలి కనుక ఏ క్షేత్రమూ 9,999 బైట్లను మించరాదు. ఆంగ్లానికి ఇది పుష్కలం. నేడు బహుళవ్యాప్తిలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. అప్పుడు హద్దు 3,333 సంకేతాలు. గ్రంథనామానికి ఇది చాలును. తాళపత్రగ్రంథాల వివరణాత్మక సూచికలలో ఆద్యంత పద్యాలను, గద్యను, లేఖకుని వాక్యాన్ని పూర్తిగా ఉదాహరించే సంప్రదాయానికి ఇది చాలకపోవచ్చు. అదే నమోదును ఎక్సెమ్మెల్ రూపంలో ఉంచినప్పుడు ఈ సూచి ఉండదు కనుక ఈ హద్దు కూడా ఉండదు.

7. హద్దు దాటినప్పుడు

పరిమాణం ఎంత అన్నదానికంటె, అది చాలనప్పుడు ఏమవుతుందన్నది ముఖ్యమైన ప్రశ్న. ఇక్కడ మూడు విధాలు కనిపిస్తాయి.

మొదటిది హద్దును గమనించకుండా దాటడం. సీ భాషాలైబ్రరీలోని గెట్స్ అనే ప్రక్రియ ఒక పంక్తిని చదివి ఇచ్చిన చోట ఉంచుతుంది. ఆ చోటు ఎంతో అడగదు. యూనిక్స్ యంత్రాలలోని ఫింగర్ సేవాప్రోగ్రాము 512 బైట్ల స్థిరమైన చోటుతో దీనిని వాడింది. 1988 నవంబరు 2న రాబర్ట్ మోరిస్ విడిచిన ప్రోగ్రాము దానికి 536 బైట్లు పంపింది. అదనపు బైట్లు పొరుగు మెమరీపై పడి, యంత్రాన్ని తన అధీనంలోకి తెచ్చుకొన్నాయి. అప్పటి ఇంటర్నెట్‌లోని అనేక యంత్రాలు స్తంభించాయి. గెట్స్‌ను సీ ప్రమాణం నుంచి తొలగించడం 2011లో జరిగింది. దోషం స్థిరపరిమాణానిది కాదు. హద్దును అడగని లైబ్రరీది.

రెండవది మౌనంగా కత్తిరించడం. దీనివల్ల యంత్రం ఆగదు, పాఠం చెడుతుంది. గ్రంథనామానికి 40 బైట్ల స్థిరక్షేత్రం ఉన్నదనుకొందాం. ఆంధ్రమహాభారతము అనే పదంలో అక్షరాలు 8, సంకేతాలు 14, బైట్లు 42. పదమూడు సంకేతాలకు 39 బైట్లు పోగా, చివరి ఉత్వానికి ఒక్క బైటు చోటే మిగులుతుంది. మువర్ణకం మకారంగా మిగిలి, దాని వెనుక అర్థం లేని ఒక బైటు నిలుస్తుంది. చూచేవారికి అది లేఖకదోషంగా తోచవచ్చు. స్త్రీ అనే ఒక్క అక్షరానికి 6 సంకేతాలు, 18 బైట్లు. అక్షరం మధ్యలో కత్తిరింపు పడితే హల్లు పోయి పొల్లు మిగలవచ్చు. తెలుగు కొలత అక్షరం. యంత్రం కొలత బైటు. ఈ భేదాన్ని పాటించని స్థిరక్షేత్రం తెలుగు పాఠానికి అపాయకరం.

మూడవది హద్దును ప్రకటించి, దాటినప్పుడు ఆగి తెలపడం. డోనాల్డ్ నూత్ రచించిన టెక్ అనే అక్షరసంయోజన ప్రోగ్రాము 1982 నాటి రూపంలో తన పట్టికలన్నిటికీ స్థిరపరిమాణాలనే పెట్టుకొన్నది. ఏదైనా నిండితే, ధారణశక్తి మించినందుకు క్షమాపణ చెబుతూ, నిండిన పట్టిక పేరును, దాని పరిమాణాన్ని తెలిపి ఆగిపోతుంది. తరువాతి కాలంలో దానిని యూనిక్స్‌కు తెచ్చినవారు ఆ సంఖ్యలలో చాలావాటిని ప్రోగ్రాము నుంచి వెలికి తీసి, వాడుకరి మార్చుకొనే పత్రంలో ఉంచారు. అంచనాను అంచనాగా అంగీకరించి, దానిని సవరించే అధికారాన్ని అవసరం తెలిసినవానికి అప్పగించడమే ఇందులోని విశేషం.

8. పూర్వపక్షం

అట్లయితే అన్నిటినీ చలపరిమాణంతోనే నిర్మించి ఈ బాధను తప్పించుకోవచ్చును గదా అనే ఆక్షేపం రావచ్చు. దీనికి సమాధానం రెండు విధాలు.

మొదట, చలపరిమాణానికి హద్దు లేకపోలేదు. దాని హద్దు యంత్రంలోని మెమరీ. అది ఎప్పుడు ఎదురవుతుందో ముందు తెలియదు. విమానం, అంతరిక్షనౌక, వైద్యపరికరం వంటి వాటిలో నడిచే ప్రోగ్రాముకు పని మధ్యలో చోటు దొరకకపోవడం గాని, ప్రతిలేఖనం వల్ల ఆలస్యం కావడం గాని సహించరానిది. నాసా జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీకి చెందిన జెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో ప్రకటించిన పది నియమాలలో, ప్రోగ్రాము ఆరంభదశ ముగిసిన తరువాత కొత్తగా మెమరీని కోరరాదనేది ఒకటి. వాహనపరిశ్రమలో పుట్టిన మిస్రా నియమావళి కూడా ఇటువంటి నిషేధాన్నే చేసింది. ఇక్కడ హద్దు పదార్థంలో లేకపోయినా, ప్రోగ్రాము నడిచే చోటు హద్దును విధిస్తున్నది. అటువంటప్పుడు అధ్వయోగం ముందే చెప్పగల నిర్మాణమే శరణ్యం.

రెండవది, పదార్థం స్వయంగా పరిమితమైనప్పుడు చలపరిమాణం లక్షణాన్ని మరుగుపరుస్తుంది. గణాలు ఎనిమిది. వాటి పట్టికను వెక్టర్‌గా ఉంచితే, పొరపాటున తొమ్మిదవ గణం చేరినా ప్రోగ్రాము అభ్యంతరం చెప్పదు. ఎనిమిది గడుల అర్రేగా ఉంచితే ఆ దోషం అక్కడే పట్టుబడుతుంది. అనగా స్థిరపరిమాణం చోటును పొదుపు చేయడానికే కాదు, పదార్థలక్షణాన్ని రక్షించడానికి కూడా.

9. అన్వయం

ప్రాచ్యగ్రంథాలయాలు, కళాశాలలు తమ వ్రాతప్రతులను, సూచికలను, పదకోశాలను కంప్యూటరుకెక్కించేటప్పుడు పై వివేచనను ఈ క్రింది విధంగా అన్వయించుకోవచ్చు.

వృత్తాల గణక్రమం, విభక్తుల పట్టిక, మాహేశ్వరసూత్రాలు, సర్వాది వంటి పరిగణిత గణాలు శాస్త్రనియతాలు. వీటికి స్థిరపరిమాణమే తగినది. ఆరోపదాలు, అర్థవివరణలు, ప్రయోగోదాహరణలు, పాఠాంతరాలు, ఆకృతిగణాలు ప్రయోగాన్ని అనుసరించి పెరిగేవి. వీటికి చలపరిమాణం విధిగా ఉండాలి. ఒక పద్యానికి మూడు పాఠాంతరాలే ఉంటాయని మూడు గడులు పెడితే, నాలుగవ ప్రతి దొరికిన నాడు ఆ పాఠం నమోదు కాదు. నమోదు కాని పాఠం తరువాతి పరిశోధకునికి లేనిదే అవుతుంది.

గ్రంథనామం, కర్తృనామం వంటి క్షేత్రాలకు హద్దు తప్పనిసరి అయినచోట, దానిని బైట్లలో కాక తెలుగు అక్షరాలలో ఆలోచించి, సంకేతాలకు, బైట్లకు తగినంత విస్తరించి నిర్ణయించాలి. హద్దు మించిన పేరును నమోదు సమయంలోనే నిరాకరించి ఆ విషయం తెలపాలి, కత్తిరించి స్వీకరించరాదు. సూచికాప్రోగ్రామును ఎంచుకొనేటప్పుడు అది ఎన్ని గ్రంథాలను పట్టుకొంటుందని అడగడం కంటె, పట్టనప్పుడు ఏమి చేస్తుందని అడగడం ప్రయోజనకరం.

10. ఉపసంహారం

స్థిర చల పరిమాణాలలో ఒకటి సర్వథా మేలైనదని చెప్పడానికి వీలులేదు. హద్దు పదార్థలక్షణం నుంచి పుట్టినప్పుడు స్థిరపరిమాణం, పరిగణించినవాని అనుభవం నుంచి పుట్టినప్పుడు చలపరిమాణం, ప్రోగ్రాము నడిచే చోటు నుంచి పుట్టినప్పుడు ప్రకటితమైన ధారణశక్తితో కూడిన మధ్యమమార్గం గ్రాహ్యాలు. ఏ మార్గమైనా, హద్దు ఎదురైనప్పటి ప్రవర్తనను లైబ్రరీ స్పష్టంగా చెప్పవలసి ఉంటుంది. ఈ నిర్ణయం చేయవలసినది ప్రోగ్రామరు ఒక్కడే కాదు. ఏ గణం పరిగణితమో, ఏది ఆకృతిగణమో తెలిసినవారు శాస్త్రజ్ఞులు. తెలుగు సంస్కృత వాఙ్మయాన్ని యంత్రానికెక్కించే కార్యంలో ఆ నిర్ణయం మొదటి గడిని కేటాయించక ముందే వారి నుంచి రావలసి ఉన్నది.